నీటి దారి అడగని నోటీసు

దినపత్రికలో టెండర్ నోటీసులకీ పేరు మార్పిడి ప్రకటనలకీ మధ్య అప్పుడప్పుడూ ఒక చిన్న ప్రకటన పడుతుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఆర్.ఎస్. నంబర్లు ఇవీ, విస్తీర్ణం 5 ఎకరాల చిల్లర. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌లో ఉన్న ఈ భూమిని నివాస జోన్‌లోకి మార్చాలని ప్రతిపాదన వచ్చింది, అభ్యంతరాలూ సూచనలూ ఉంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా పంపాలి. కింద హద్దులు: ఉత్తరాన సర్వే నంబరు ఇంత, తూర్పున సర్వే నంబరు ఇంత, దక్షిణాన పంట బోదె (పొలాలకి నీళ్లు పారే చిన్న కాలువ), పడమర డొంక (పొలాల మధ్య బండి దారి). అంతటితో నోటీసు అయిపోతుంది.

ఆ డొంక వెంట రోజూ నడిచే మనిషికి కూడా ఈ ప్రకటన చదివితే అది ఏ పొలమో తెలియదు. ఊళ్లో పొలానికి పేరు ఉంటుంది. చెరువు కింద చేను, రైలు కట్ట అవతలి మాగాణి, ఫలానా వారి మామిడి తోట అంటే అందరికీ తెలుస్తుంది. సర్వే నంబరు కరణాల కాలం నుంచీ దస్త్రం భాష. ఆ భాషలో రాసి జనానికి చెప్పామనడం న్యాయం కాదు. విజయవాడ, గుంటూరు శివార్లలో పొలం ప్లాట్లయ్యే దారిలో చుట్టుపక్కల వాళ్లని అడిగేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. ఆ ఒక్క మెట్టునీ ఇలా కానిస్తున్నారు కాబట్టే మన శివారు కాలనీలు ఏటా సెప్టెంబరులో మోకాటి లోతు నీళ్లలో ఉంటున్నాయన్నది నా వాదన.

ఒక్క మెట్టే అని ఎందుకంటున్నానో చెప్పాలంటే పొలం ఎన్ని కాగితాల మీదుగా ప్లాటు అవుతుందో చూడాలి. మొదటిది, మొన్నమొన్నటిదాకా, రెవెన్యూ కాగితం. అడంగల్‌లో, 1బీలో (సాగు, హక్కుల రికార్డుల్లో) సాగుభూమిగా ఉన్నదాన్ని వ్యవసాయేతరంగా మార్చడం. 2006 చట్టం వచ్చాక దీన్ని అందరూ నాలా అనే పిలిచారు, ఆ చట్టాన్ని 2025లో రద్దు చేశారు. రెండోది మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్పు. మూడోది లేఅవుట్ అనుమతి. ఈ మూడూ వేర్వేరు. 'నాలా కట్టేశాం, ఇక అప్రూవల్ అయినట్టే' అని వెంచర్ దగ్గర ఏజెంట్ చెబుతూ వచ్చిన మాట తప్పు. నాలా వల్ల ఆ భూమి సాగులో లేదని రెవెన్యూ వాళ్లు ఒప్పుకున్నట్టయ్యేది, అంతే. అక్కడ ఇళ్లు రావచ్చా అన్నది ప్లాన్‌లో ఆ భూమి మీద ఉన్న రంగు తేలుస్తుంది.

ఈ మూడింటిలో బయటివాడు నోరు విప్పే వీలున్నది రెండోదాంట్లోనే. నాలా యజమానికీ రెవెన్యూకీ మధ్య వ్యవహారంగా ఉండేది. లేఅవుట్ ఫైలు డెవలపర్‌కీ పట్టణ ప్రణాళిక విభాగానికీ మధ్య నడుస్తుంది. ముందు తాత్కాలిక ప్లాను ఇస్తారు. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు పూర్తయ్యేదాకా ప్లాట్లలో కొంత భాగాన్ని, మామూలుగా 15 శాతాన్ని, తనఖా పెట్టించుకుంటారు. పనులు పూర్తయ్యాక తనఖా విడిపించి తుది ఎల్పీ (లేఅవుట్ ప్లాన్) నంబరు ఇస్తారు. పక్క కాలనీ వాళ్లకి ఈ దారిలో ఎక్కడా నోటీసు వెళ్లదు. భవన నిర్మాణ అనుమతికీ అంతే. పెద్ద ప్రాజెక్టయితే పర్యావరణ అనుమతి ఉంటుంది కదా, అప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా అని చాలామంది నమ్మకం. పెట్టరు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు అనుమతి తప్పనిసరే కానీ, భవనాలకీ టౌన్‌షిప్పులకీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. క్వారీకీ సిమెంటు ఫ్యాక్టరీకీ టెంట్ వేసి మైకు పెట్టి ఊరివాళ్లని మాట్లాడమంటారు. మన ఇంటి వెనక వంద ఫ్లాట్లు లేస్తుంటే ఆ మైకు ఉండదు. జోన్ మార్పు నోటీసు గడువు దాటిపోతే ఇక మాట్లాడే చోటే లేదు.

జోన్ మార్పు ఫైలు ఎలా కదులుతుందో కూడా తెలిసుండాలి. యజమాని దరఖాస్తు పెడతాడు. ప్రణాళిక విభాగం స్థలాన్ని చూసి సాంకేతిక నివేదిక రాస్తుంది. మున్సిపల్ పరిధిలో ఉంటే కౌన్సిల్ తీర్మానం కావాలి. తర్వాత ముసాయిదా సవరణ గెజిట్‌లో, పత్రికల్లో వస్తుంది, ఆ ప్రకటన ఖర్చు దరఖాస్తుదారుడే భరిస్తాడు. అభ్యంతరాల గడువు ముగిశాక రుసుములు కట్టించుకుని తుది ఉత్తర్వు ఇస్తారు. వరస జాగ్రత్తగా చూడండి. జనాన్ని అడిగేసరికి నివేదిక రాసేశారు, తీర్మానం అయిపోయింది, యజమాని ఫీజులు లెక్కేసుకున్నాడు, చాలాసార్లు రియల్టర్ దగ్గర అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాడు. ఇంత దూరం వచ్చిన ఫైలుని వెనక్కి తిప్పడానికి ఏ అధికారికీ చెయ్యి రాదు. 'అభ్యంతరాలు పరిశీలించబడినవి, సహేతుకంగా లేనందున తిరస్కరించబడినవి' అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఆ సాంకేతిక నివేదికలో రోడ్డు వెడల్పు ఉంటుంది, చుట్టూ ఉన్న కట్టడాలు ఉంటాయి, హైటెన్షన్ లైన్ ఉంటే రాస్తారు. నేల మట్టం సంగతి, ఈ పొలం మెరక చేస్తే వాన నీళ్లు ఎటు పోతాయన్న సంగతి మాత్రం ఉండదు. కృష్ణా డెల్టాలో అసలు ప్రశ్న అదే.

5 ఎకరాల మాగాణి తీసుకోండి. 2,17,800 చదరపు అడుగులు. ప్లాట్లు వేసేవాడు పక్క రోడ్డు మట్టానికి తేవాలని 3 అడుగులు మెరక తోలతాడు. 6,53,400 ఘనపుటడుగుల మట్టి, అంటే, యూనిట్‌కి 100 ఘనపుటడుగుల చొప్పున, 6,534 యూనిట్లు. 4 యూనిట్ల టిప్పర్ అయితే 1,630 ట్రిప్పులకు పైమాట. మట్టి అణిగిపోతుంది కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది. అంత మట్టి పోశారంటే, ఒకప్పుడు ఆ పొలంలో నిలవగలిగిన దాదాపు 1 కోటి 85 లక్షల లీటర్ల నీళ్లకి ఇక అక్కడ చోటు లేదు. వరి చేను మూడు రోజులు నీళ్లు మోసినా తట్టుకుంటుంది. పక్కన ఇదివరకే కట్టుకున్న ఇంట్లో ఫ్రిజ్జు, పరుపు, పిల్లల పుస్తకాలు తట్టుకోవు. ఆ నీళ్లన్నీ డొంక కింద వేసిన రెండడుగుల పైపు తూములోంచే పోవాలనుకుందాం. పైపు నిండా, సెకనుకి మీటరు వేగంతో, చెత్త అడ్డం పడకుండా పారినా పదిహేడున్నర గంటలు పడుతుంది. పాలిథిన్ సంచులు అడ్డం పడని తూము మన శివార్లలో ఎక్కడుంది? పైగా ఇది ఒక్క వెంచర్ లెక్క. అదే బోదె మీద ఆరు వెంచర్లు వస్తే ఆరు నివేదికలు విడివిడిగా వస్తాయి, ఆరూ సవ్యంగానే ఉంటాయి. కలిపి లెక్కేసే కాగితం ఏ బల్ల మీదా ఉండదు.

2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో విజయవాడకి చెప్పక్కర్లేదు. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరు వరదని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు. ఆ కాలువకి మొదట అనుకున్న సామర్థ్యం 15,000 క్యూసెక్కులు. గట్లకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ఎన్నడూ లేనంత ఎత్తున పారుతోంది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గండ్లు పడటం జలవనరుల పని, దానికి నేను వెంచర్లని తప్పుపట్టను. కానీ వచ్చిన నీళ్లు దిగిపోవడానికి అన్ని రోజులు ఎందుకు పట్టిందంటే జవాబు లేఅవుట్లలో కూడా ఉంది. వెలగలేరు దిగువన పాత బుడమేరు ఎనికెపాడు మీదుగా కొల్లేటికి పోవాలి. ఆ దారి పొడుగునా వాగు సన్నబడింది, దాంట్లో కలిసే పిల్ల కాలువలు ఇళ్ల ప్రహరీల కిందికి వెళ్లిపోయాయి. గుంటూరులో పీకలవాగు ఒడ్డున నిలబడి చూసినా అదే కథ చిన్న కొలతలో కనిపిస్తుంది.

నిబంధనలు లేక కాదు. 2017 భవన నిర్మాణ నిబంధనల్లో 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగు, కాలువ, వర్షపు నీటి కాలువల అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటి నుంచి 2 మీటర్లు వదలాలని ఉంది. అంచు ఎక్కడన్నదే తగాదా. కాలువ అంచుని ఎండాకాలంలో నిలబడి కొలిస్తే ఒకచోట వస్తుంది, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) ప్రకారం కొలిస్తే ఇంకోచోట వస్తుంది. వాగు ఒకసారి పూడి సన్నబడితే, సన్నబడిన అంచు నుంచే 2 మీటర్లు కొలిచి ప్లాను గీస్తారు. పటంలో 12 మీటర్లున్న వాగు నేల మీద 6 మీటర్లు అయిందంటే, వదలాల్సిన 9 మీటర్లు 2 మీటర్లయిపోతాయి. ఈ తేడా పట్టగలిగేది ఆ వాగులో చిన్నప్పుడు గేదెల్ని కడిగిన రైతు. ఆయన్ని అడిగే పద్ధతి లేదు.

లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి పార్కు కోసం దఖలు పరచాలన్నది ఇంకో నిబంధన. 5 ఎకరాలంటే 24,200 గజాలు, అందులో 2,420 గజాలు. ప్లాను కాగితం మీద ఎప్పుడూ పచ్చరంగు ఉంటుంది. ఆ పచ్చరంగు ఎక్కడ వేశారో చూడండి. మూలనున్న పల్లంలో, హైటెన్షన్ వైర్ల కింద, వాగు పక్కన వదిలిన పట్టీలో. ప్లాటుగా అమ్ముడుపోని ముక్క పార్కు అవుతుంది. కొన్నేళ్లకి అక్కడ ఓవర్‌హెడ్ ట్యాంకు, తర్వాత గుడి, తర్వాత షెడ్డు. పార్కుకని వదిలిన స్థలాన్ని వేరే అవసరానికి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో తేల్చింది. అక్కడ పార్కులో నర్సింగ్ హోం కట్టబోయారు, కాలనీ వాళ్లు కోర్టుకెక్కి గెలిచారు. మీ కాలనీ పార్కు గురించి రాసే ఏ అర్జీలోనైనా ఆ తీర్పు పేరు ఉండాలి.

అనుమతి లేని వెంచర్ల సంగతి ఇంకా బాధ. వాటిని క్రమబద్ధీకరించినప్పుడు ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో కొంత శాతం కట్టించుకోవడం రివాజు. 2020 నిబంధనల్లో అది 14 శాతం. గజం 10,000 ఉన్నచోట 200 గజాల ప్లాటుకి 2 లక్షల 80 వేలు. డబ్బు కట్టేది వెంచర్ వేసి వెళ్లిపోయినవాడు కాదు, కొనుక్కున్న గుమస్తా, ఆటో డ్రైవరు, దుబాయ్ నుంచి డబ్బు పంపిన చెల్లెలు. ఆ డబ్బుతో ఆ వీధిలో పార్కు కొనలేరు, ఎందుకంటే అక్కడ గజం ఖాళీ ఉంటే కదా. కట్టినవాళ్లకి రసీదు మిగులుతుంది, వాళ్ల పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు.

ఇక, చేతికి నోటీసు చిక్కినప్పుడు ఏం చెయ్యాలి? వచ్చే అభ్యంతరాల్లో ఎక్కువ ఎందుకు వీగిపోతాయో ముందు చెప్తాను. ఒకే జిరాక్సు మీద రెండు వందల సంతకాలు పెట్టించి 'ఈ మార్పుకు మేము వ్యతిరేకం' అని ఇస్తారు. కారణం ఉండదు, సర్వే నంబరు ఉండదు, కొన్నిసార్లు సంతకం చేసినవాళ్ల చిరునామా కూడా ఉండదు. రెండు వందల సంతకాలు ఫైలులో ఒక అభ్యంతరంగా లెక్కకొస్తాయి. ఒక్క మనిషి, ఒక్క పేజీలో, ఫలానా సర్వే నంబరు దక్షిణపు హద్దులో పంట బోదె ఎఫ్ఎంబీలో ఇంత వెడల్పు ఉంది, నేల మీద ఇంత ఉంది, దీనిలోంచి ఇన్ని ఎకరాల నీళ్లు పోతాయి, ప్రతిపాదనలో దీని ప్రస్తావన లేదు అని రాస్తే దాన్ని 'సహేతుకంగా లేదు' అనడం కష్టం.

అందుకని మొదటి రోజే గ్రామ సచివాలయంలో సర్వే సహాయకుడి దగ్గరికి వెళ్లి ఆ సర్వే నంబర్లకీ చుట్టూ ఉన్న నంబర్లకీ ఎఫ్ఎంబీ నకళ్లు అడగండి. గ్రామ పటం కూడా అడగండి. ఎఫ్ఎంబీ ఒక్కో నంబరుదే ఉంటుంది, బోదె ఎటు నుంచి ఎటు పోతుందో గ్రామ పటంలోనే తెలుస్తుంది. డొంక, బోదె, కుంట, శ్మశానం ఏ నంబర్లలో ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పోరంబోకు అయితే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సంగతి కూడా అర్జీలో రాయాల్సిందే.

రెండో రోజు టేపు పట్టుకుని పొలానికి వెళ్లండి. ఊళ్లో పెద్ద రైతుని, నీరుకట్టు పని చేసినాయన్ని వెంట తీసుకెళ్లండి. తూము లోపలి కొలత, దాని అడుగు మట్టం రోడ్డు కంటే ఎంత కిందుందో, గత వరదలో నీళ్లు నిలిచిన గుర్తు గోడ మీద ఎంత ఎత్తుందో కొలిచి రాయండి. గోడ మీద బురద గీత ఇంకా ఉంటే స్కేలు ఆనించి ఫొటో తీయండి, తేదీ కనిపించేలా. మట్టం కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. మేస్త్రీలు వాడే పారదర్శకపు పైపులో నీళ్లు నింపి రెండు కొసలూ పట్టుకుంటే అడుగు తేడా కాదు, అంగుళం తేడా కూడా తెలుస్తుంది. ఏ కాలనీలోనైనా తాపీ మేస్త్రీ ఉంటాడు.

మూడో పని సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. జోన్ మార్పు దరఖాస్తు, సాంకేతిక నివేదిక, దానికి జత చేసిన పటం, కౌన్సిల్ తీర్మానం నకళ్లు అడగండి. ఇక్కడే చిక్కుంది. జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజుల గడువు, అభ్యంతరానికి మీకు 15 రోజులే. నకళ్లు వచ్చేసరికి తలుపు మూసేస్తారు. కాబట్టి నకళ్ల కోసం ఆగకండి. చేతిలో ఉన్న కొలతలతోనే గడువులోపు అభ్యంతరం ఇచ్చి, చివర ఇలా రాయండి: 'సంబంధిత నివేదికల కోసం ఫలానా తేదీన సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను, రసీదు జతచేశాను, అవి అందాక అదనపు అభ్యంతరాలు ఇస్తాను, నన్ను స్వయంగా విన్నాకే నిర్ణయం తీసుకోవాలి.' తర్వాత కోర్టుకి వెళ్లాల్సి వస్తే అక్షరాలా పనికొచ్చేది ఈ వాక్యమే. ఇక్కడ ఇళ్లు కట్టడం మంచిదా చెడ్డదా అని కోర్టు సాధారణంగా చూడదు. పద్ధతి పాటించారా, విన్నారా, కారణాలు రాశారా అనే చూస్తుంది.

అర్జీ ఇన్‌వార్డ్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి ఇస్తే నంబరు పడుతుంది, కానీ దాన్నే నమ్ముకుని అసలు చిరునామాకి పంపడం మానకండి. నోటీసులో ఏ అధికారి పేరిట పంపమన్నారో ఆయనకి అందితేనే అది అభ్యంతరం. ఈ చిరునామాలోనే చాలామంది పొరబడతారు, దానికి జనాన్ని తప్పుపట్టలేం. 1978లో వచ్చిన ఉడా (పట్టణాభివృద్ధి సంస్థ) 2014 చివర్లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అయింది, 2020లో ఏఎంఆర్‌డీఏ (అమరావతి మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) అయింది, 2021లో మళ్లీ సీఆర్‌డీఏ అయింది. ఒకే ఫైలు మీద మూడు సంస్థల ముద్రలుంటాయి.

ఎదుటి పక్షం వాదనలో నిజం ఉంది, దాన్ని దాచిపెట్టి రాయడం తప్పు. అభ్యంతరాల్లో చాలా భాగం గట్టు తగాదాలని అధికారులంటారు. అన్నదమ్ముల పంపకం తెగక, అమ్మకంలో కమీషన్ రాక పెట్టినవి ఉంటాయన్నమాట వాస్తవమే. రైతు మాట ఇంకా బలమైనది. 2015 చివర్లో రాజధాని ప్రాంతానికి ముసాయిదా ప్రణాళిక వేసినప్పుడు ఊళ్లకి ఊళ్లని వ్యవసాయ పరిరక్షణ జోన్లలో పెట్టారు. అప్పుడు కోపంతో రోడ్డెక్కింది రైతులే. పక్క ఊరి ఎకరం కోట్లు పలుకుతుంటే మా ఎకరం వరికే కట్టుబడి ఉండాలా, కూతురి పెళ్లికి అమ్ముకోనివ్వరా అని అడిగారు. ఆ ప్రశ్నకి పట్టణంలో కూర్చుని పచ్చదనం గురించి మాట్లాడేవాళ్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. రైతు అమ్ముకోవాలి, మంచి ధరకి అమ్ముకోవాలి. అతని పొలం మోసిన నీళ్లని కొన్నవాడు కూడా మోయాలి. ఆ బరువు ధరలో కలవాలి, పక్క కాలనీ మీద పడకూడదు. మెరక చేసినంత మేర నీటికి చోటు అదే లేఅవుట్‌లో చూపించు అని ఒక్క షరతు పెడితే, పల్లపు మూల పార్కు నిజంగా కుంట అవుతుంది. అప్పుడు అమ్మకం ఆగదు, లాభం కొంచెం తగ్గుతుంది.

విన్నవించుకోవడానికి సరైన నమూనా మనకి తెలియనిదేమీ కాదు. అమరావతి భూ సమీకరణలో 29 గ్రామాల్లో రైతు అంగీకారానికి 9.3 ఫారం, అభ్యంతరానికి 9.2 ఫారం ఉండేవి. రాజకీయంగా దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. కాగితం మాత్రం తెలివైనది. సర్వే నంబరు, విస్తీర్ణం, మనిషి పేరు ఒకే చోట ఉండటం వల్ల ఏ అభ్యంతరం ఏ ముక్క మీదో తేలిపోయేది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్లాన్ ముసాయిదా 2015 డిసెంబరు 26న వచ్చింది, అభ్యంతరాలకి నెల రోజులిచ్చారు, 2016 ఫిబ్రవరిలో తుది ప్లాన్ ఇచ్చారు. దాని లోపం వేరే చోట ఉంది. ఆ ఫారాలు భూమి ఉన్నవాడి చుట్టూ అల్లినవి. ఆ పొలంలో కౌలు చేసినవాడు, నాట్లు వేసినామె, గేదెలు మేపుకున్నవాడు ఏ గడిలో రాయాలి?

శివారు ఊళ్లు నగరంలో కలిసినప్పుడు ఈ గడి ఇంకా చిన్నదవుతుంది. గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది ఊళ్లని 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిపారు. పంచాయతీ పోయింది, గ్రామసభ పోయింది. గుంటూరు కార్పొరేషన్‌కి 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. ఆ ఊళ్లలో పొలాలు మాయమై ఫ్లాట్లు లేచిన ఆ కాలంలో తీర్మానాలు చేసింది ప్రత్యేకాధికారి. విజయవాడ వైపు కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప కలిసి మున్సిపాలిటీ అయ్యాయి. అక్కడా గ్రామసభ లేదు. జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో వార్డు సచివాలయంలో అడిగి చూడండి.

పాత కట్టడాల స్థలాల గురించి ఒక మాట. గుంటూరు చుట్టూ పొగాకు గోదాములు, జిన్నింగ్ మిల్లులు, వాడకం తప్పిన కోల్డ్ స్టోరేజీలు ఒక్కొక్కటీ అపార్ట్‌మెంట్లవుతున్నాయి. ఇక్కడ నీళ్ల కంటే రోడ్డు సమస్య. లారీ రోజుకి పదిసార్లు వచ్చిపోవడానికి వేసిన రోడ్డు మీద వంద కుటుంబాల బళ్లు పడతాయి. అభ్యంతరంలో రోడ్డు వెడల్పు ఒక్కచోట కొలిచి రాస్తే చాలదు. స్థలం ముందు వెడల్పుగా ఉండి మెయిన్ రోడ్డు కలిసేచోట సన్నబడే రోడ్లు ఎన్నో. ఆ సన్నటి చోటే కొలవండి. రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటే ఎలా విప్పుతారో, పాత బావి ఉంటే ఏం చేస్తారో అడగండి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. దరఖాస్తు అందిన వారంలో ఆ పొలం గట్టు మీద ఎనిమిదడుగుల బోర్డు పెట్టించాలి, దాని మీద ఊరి భాషలో పొలం పేరు, పటం, బోదెలు, డొంకలు ఉండాలి. సాంకేతిక నివేదిక రాయకముందే వార్డు సచివాలయం దగ్గర, పనిరోజు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఏడింటికి, ఒక సమావేశం పెట్టాలి. అక్కడ నోటితో చెప్పిన మాటని ప్రణాళిక కార్యదర్శి రాసుకుని సంతకం తీసుకోవాలి. గడువు 15 నుంచి 45 రోజులు కావాలి, లేకపోతే సమాచార హక్కు గడువుతో కుదరదు. నేల మట్టాల పటం లేని దరఖాస్తుని తీసుకోకూడదు. తుది ఉత్తర్వుకి ఒక పట్టిక జతచేయాలి: ఎవరు ఏమన్నారు, దానికి ఏం చేశారు, చేయకపోతే ఎందుకు. సొంత ఖర్చుతో పత్రికా ప్రకటన ఇచ్చే దరఖాస్తుదారుడికి ఒక ఫ్లెక్సీ, ఒక లెవెల్ సర్వే భారం కావు. ఎకరం ధరతో పోలిస్తే అవి లెక్కలోకి రావు.

అవి వచ్చేదాకా మనకున్నది ఆ 15 రోజులే. తుది ఉత్తర్వు వచ్చాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. లేఅవుట్ తాత్కాలిక ప్లాను నకలు తెచ్చుకుని, మీరు చెప్పిన బోదె దానిలో ఉందో లేదో, ఉంటే ఎంత వెడల్పో చూడండి. తనఖా ప్లాట్లు విడిపించకముందే అది చూడాలి. బోదె పూడ్చి రోడ్డు వేశారని అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, తనఖా చేతిలో ఉన్నంతవరకు తవ్వించగల బలం అధికారికి ఉంటుంది. విడుదల చేసిన మర్నాటి నుంచి ఆ బోదె ఎవరిదీ కాదు.